తొమ్మిది కోత పండుగల తూకం

ఇది చదవబోయే మీ ఇంట్లో పెద్ద జబ్బు నుంచి తేరుకున్న బిడ్డ ఎవరైనా ఉంటే, ముందు ఆ బిడ్డను నేల మీద కూర్చోబెట్టి, చెయ్యి ఇవ్వకుండా లేవమని చెప్పండి. మిగతాది ఆ తర్వాత చదవండి. లేవగలిగితే దేవునికి స్తోత్రం చెప్పుకోండి. లేవలేకపోతే భయపడకండి. నేనూ అలా లేవలేకపోయినదాన్నే.

నా పేరు కరుణ. మాది వజ్రకరూరుకు ఆరేడు మైళ్ల దూరంలోని చిన్న ఊరు. నాయనకు నాలుగెకరాల మెట్ట ఉంది, వాన పడితే వేరుశనగ, పడకపోతే దుమ్ము. అన్న జయరాజు నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఊరి చివర రాళ్లతో కట్టిన మా చర్చి ఉంది, మేము గుడి అనే అంటాం. నేను అక్షరాలు నేర్చుకున్నది అక్కడి ఆదివారపు బడిలోనే. చాప మీద కూర్చుని వాక్యం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. మా సంఘం అంతా కలిపినా అరవై మంది ఉండరు. అందుకే అక్కడ ఒకరి కడుపు నొప్పి అందరికీ నొప్పి. నా కథలో ఆ ప్రేమ ఉంది. ఆ ప్రేమ చేసిన పొరపాటు కూడా ఉంది.

1998 వేసవి

ఆ వేసవి నాకు ఒకే ఒక్క పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తుంది. ఆకాశం తెల్లగా, ఏమీ రాయని కాగితంలా ఉండేది. నాకు పదేళ్లు. మంచం మీద పడుకుని పైకి చూస్తే ఇంటి దూలాలు నీళ్లలో మునిగినట్టు మెల్లగా కదిలేవి. జ్వరం వచ్చేది, పోయేది. కాళ్ల మీద నేరేడుపండు మరకల్లాంటివి లేచాయి. అమ్మ తడిగుడ్డ తెచ్చి తుడిచింది. పోలేదు. ఇంకా గట్టిగా తుడిచింది. నేను ఏడ్చాను.

అనంతపురంలో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి నాయనను పక్కకు పిలిచాడు. నాయన తిరిగొచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. చెప్పులు విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు, మళ్లీ విప్పాడు.

"ఏమంట నాయనా?"

"రక్తానికి చీడ పట్టినాదంట పాపా" అన్నాడు.

రైతు కదా, ఆయనకు వచ్చిన మాట అదే. బ్లడ్ కాన్సర్ అన్న మాట నేను విన్నది చాలా రోజుల తర్వాత, అది కూడా ఇంటికి వచ్చిన చుట్టాల గుసగుసల్లో. మందులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మూలుగ మార్చాలి, దానికి తమిళనాడులోని పెద్ద ఆసుపత్రికి పోవాలి అన్నారు. అన్న రక్తం నాకు సరిపోయిందని తెలిసిన రోజు మా గుడి గంట ఎంతసేపు మోగిందో నేను వినలేదు. అప్పటికే రైల్లో ఉన్నాను, అమ్మ ఒళ్లో నిద్రలో.

1999, గాజు గది

ఆ గది నిజమో కలో ఇప్పటికీ నాకు తేల్చుకోవడం కష్టం. అన్నీ తెల్లగా ఉండేవి. గాలి కూడా కడిగినట్టుండేది. లోపలికి వచ్చేవాళ్లకు కళ్లు తప్ప ముఖాలుండేవి కావు. అమ్మా నాయనా గాజుకు అవతల నిలబడేవారు. వాళ్ల మాటలు నాదాకా వచ్చేవి కావు, పెదవులు మాత్రం కదిలేవి.

దానికి ముందు కొన్ని రోజులు పెద్ద మిషన్ ఉన్న గదిలో ఒంటరిగా పడుకోబెట్టి ఒళ్లంతా కిరణాలు పట్టించారు. నొప్పి ఏమీ లేదు. ఎండలో కళ్లు మూసుకుంటే రెప్పల వెనక కనిపించే ఎరుపు ఉంటుంది చూడండి, నా లోపలంతా అలాంటి ఎరుపు నిండినట్టు అనుకునేదాన్ని. ఆ వెలుగు నాలోని చెడునంతా కాల్చేస్తుందని చెప్పారు. కాల్చింది. దాంతోపాటు ఇంకొన్నిటిని కూడా మాడ్చి వెళ్లిందని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

అన్న నడుము ఎముకలోంచి తీసిన మూలుగ ఒక సంచిలో వచ్చింది. తొలివానకు మా చేల గట్ల మీదుగా పారే నీళ్ల రంగులో ఉంది. అది బొట్టుబొట్టుగా నాలోకి దిగుతుంటే నాకు కల వచ్చింది. నాయన చిన్న గొర్రు కట్టుకుని నా ఎముకల్లో వరసలు తీసి విత్తుతున్నాడు. అన్న వెనకాలే నడుస్తూ మట్టి కప్పుతున్నాడు. వాన మాత్రం రావడం లేదు. నేను ఆకాశాన్నై పైనుంచి చూస్తున్నాను, కురవడం నాకు చేతకావడం లేదు.

కొత్త రక్తం పుట్టే వరకూ ప్రతి ఉదయం రక్తం తీసి లెక్క చూసేవారు. నాయన వరండాలో డాక్టరుకు అడ్డంపడి రోజూ ఒకటే ప్రశ్న వేసేవాడు.

"మొలక కనపడినాదా సార్?"

మొదట్లో డాక్టరుకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయనే గదిలోకి వస్తూ కళ్లతో నవ్వి, "మీ నాయనకు చెప్పు, ఇంకా పదును చాలలేదు" అనేవాడు. ఒక రోజు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "మొలిచింది" అన్నాడు. గాజుకు అవతల నాయన కింద కూలబడి తలగుడ్డలో ముఖం దాచుకున్నాడు.

ఆ వార్డులో నేల తుడిచే తమిళ ఆయా ఒకామె ఉండేది. నా భాష ఆమెకు రాదు, ఆమె భాష నాకు రాదు. గాజు బయటివైపు కడిగేటప్పుడు రోజూ సబ్బు నురగతో ఒక పిట్టనో కుందేలునో గీసి, నేను చూసి నవ్వేదాకా ఆగి, అప్పుడు తుడిచేసేది. ఆమె పేరు నేను అడగలేదు. ప్రార్థనలో ఆమెను "గాజు మీది అమ్మ" అనే తలుచుకుంటాను. దేవునికి తెలుస్తుందిలే.

అదే గాజు దగ్గర ఒక సాయంత్రం అమ్మ రెండు చేతులూ ఆనించి కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో చెప్పింది. నాతో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె దేవునికి మొక్కుబడి చేసుకుంటోందని. బిడ్డను తిరిగి ఇస్తే, తాను బతికినంత కాలం ప్రతి కోత పండుగకూ బిడ్డ ఎత్తు వేరుశనగకాయలు తూచి అర్పిస్తానని.

1999 నుంచి 2007 వరకు

మా కోత పండుగ వేరుశనగ పీకి, కాయ ఎండబెట్టాక వస్తుంది. గుమ్మడికాయలు, కంది మండలు, జొన్న కంకులు గుడి నిండా కడతారు. ఆ ఏడు గుడి వసారా దూలానికి తాళ్లతో పెద్ద తక్కెడ కట్టారు. ఒక పలక మీద నన్ను కూర్చోబెట్టారు. రెండో పలక మీద అమ్మ చేటలతో కాయలు పోస్తూ వచ్చింది. నేను కొంచెం కొంచెంగా గాల్లోకి లేచాను. నెత్తి మీద అప్పుడే మొలిచిన జుట్టు, కింద పాడుతున్న జనం, కళ్లలో ఎండ. నేనేదో మేఘం మీద ఉన్నాననుకున్నాను.

"ఇరవై ఒక్క కిలో!" అని సంఘ పెద్ద అరిచాడు. అందరూ స్తోత్రం అన్నారు. అర్పించిన కాయలు సంఘంలోని పేదవాళ్లకు పంచుతారు. అందులో రత్నమ్మవ్వకు ఒక వాటా. ఆమె మా గుడి ఊడ్చే ముసలామె, అప్పటికే అరవై దాటి ఉంటాయి, వెనకా ముందూ ఎవరూ లేరు. ఆమె నా బుగ్గ గిల్లి అంది.

"బాగా తిను పాపా. నువ్వు లావైతే నాకే లాభం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తొమ్మిదేళ్ల పాటు ఆ మాట ప్రతి ఏడూ అంది, ప్రతి ఏడూ నవ్వాం.

ఏటేటా బరువు పెరిగింది. ఇరవై ఆరు, ముప్ఫై, ముప్ఫై ఏడు. పద్నాలుగేళ్లకు నాయన ఛాతీ దాకా వచ్చి ఎత్తు ఆగిపోయింది, బరువు మాత్రం ఆగలేదు. పండుగకు నెల ముందు నుంచి అమ్మ నాకు నెయ్యి వేసిన అన్నం, బెల్లం పాకం, వేయించిన శనగలు పెట్టేది. వద్దంటే ఆమె ముఖం పాలిపోయేది.

"పోయినేటి కన్నా తగ్గగూడదు పాపా. దేవునికి ఇచ్చిన మాట. తగ్గితే ఇచ్చింది ఎనక్కి తీసుకున్నట్టు కాదా?"

వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో మా చేలో గంపెడు కాయ కూడా రాలేదు. ఆ ఏళ్లలో కూడా అమ్మ ఎక్కడెక్కడో కూలికి పోయి, కూలికి బదులు కాయలే తెచ్చి తూకం నింపింది. అలాంటి తల్లి ముందు ముద్ద ఎలా వదిలేయగలను?

ఇంకొకటి ఉంది. నన్ను ఎవరూ ఏ పనీ చేయనిచ్చేవారు కాదు. నేను బిందె ముట్టుకుంటే పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చేవారు. బడికి అన్న సైకిల్ మీద తీసుకెళ్లేవాడు. గుడిలో అందరికీ చాపలు, నాకొక్కదానికే ప్లాస్టిక్ కుర్చీ. "దేవుడు తిరిగి ఇచ్చిన బిడ్డ, కింద కూర్చోబెడతామా?" అనేవారు. ఆ కుర్చీలో కూర్చుని ప్రతి పండుగకూ సాక్ష్యం చెప్పేదాన్ని, నేను సంపూర్ణంగా బాగయ్యానని. అబద్ధం చెప్పలేదు, నాకు తెలిసింది అంతే. బయటికి పోయినప్పుడు కానుగ చెట్టు మొదలు పట్టుకుని పైకి లేచేదాన్ని. అందరూ అలాగే లేస్తారనుకున్నాను. చేతులూ కాళ్లూ పుల్లల్లా, నడుము చుట్టూ మాత్రం మెత్తగా ఉండేదాన్ని. అదే ఆరోగ్యం అనుకున్నాం.

మొదటి ఐదేళ్లు ఆసుపత్రికి ఏటేటా వెళ్లాం. రక్తం బాగుంది, అయినా అప్పుడప్పుడు వస్తూ ఉండండి అన్నారు. ఆ తర్వాత మేమే మానుకున్నాం. బాగైన బిడ్డను మళ్లీ ఆసుపత్రి గడప ఎక్కించడం అవిశ్వాసం అని అమ్మ అనుకుంది. ఆ మాట నాకూ నచ్చింది. ఆ వాసన, ఆ వరండా మళ్లీ చూడాలని ఎవరికుంటుంది?

2008 మార్చి

నాకు ఇరవయ్యో ఏడు. డిగ్రీ ప్రైవేటుగా చదువుతున్నాను. ఒక మధ్యాహ్నం గుడికి ఒంటరిగా వెళ్లాను. కుర్చీ మూలన ఉంది. ఎందుకో ఆ రోజు దానిలో కూర్చోబుద్ధి కాలేదు. అందరూ మోకరిస్తారు, నేను ఒక్కసారైనా మోకరించి ఎన్నేళ్లయిందో అనుకున్నాను. గోడ పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీదికి దిగి, మధ్యకు జరిగి, కళ్లు మూసుకున్నాను.

చాలా బాగుంది. బండల చల్లదనం మోకాళ్లలోంచి ఎక్కుతోంది. పైన పావురాలు గొణుగుతున్నాయి. కిటికీ వెలుగు నేల మీద పలకలా పడి, అందులో దుమ్ము బంగారు పొట్టులా తిరుగుతోంది. ఎంతసేపు ప్రార్థించానో తెలియదు. ముగించి, ఆమెన్ అని, లేవబోయాను.

లేవలేదు.

ఒక కాలు ముందుకు పెట్టాను. అది నా బరువు మోయనంది. చేతులు నేలకు ఆనించి నెట్టాను. మోచేతులు వణికి మడుచుకున్నాయి. గోడ దాకా పాకుదామంటే బండల మీద మోకాళ్లు మంట. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ. మొదట నవ్వొచ్చింది. తర్వాత, ఇంకాసేపు ఉండమని దేవుడే నా మోకాళ్లు పట్టుకున్నాడేమో అనిపించింది. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. వెలుగు పలక నేల మీద జరుగుతూ జరుగుతూ నా చేతిని దాటి, గోడ ఎక్కింది. తొమ్మిది పండుగల సాక్ష్యాలు ఒక్కొక్కటీ నా చెవుల్లో వినిపించాయి. సంపూర్ణంగా బాగయ్యాను. సంపూర్ణంగా.

రత్నమ్మవ్వ చీపురుతో లోపలికి వచ్చింది. నన్ను చూసి బయటికి పోయింది. కాసేపాగి మళ్లీ తొంగిచూసింది. మూడోసారి వచ్చి అంది.

"ఏమే పాపా, దేవునితో అంతసేపు మాట్లాడేదేముండాది? ఆయప్పకు ఇంగ ఎవురూ లేరనుకున్యావా?"

"లేవలేకుండా ఉండా అవ్వా."

"ఎగతాళి చేస్తాండావా?"

నేను మళ్లీ చేతులు నేలకు ఆనించి నెట్టి చూపించాను. ఆమె చీపురు పక్కన పడేసి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. నా ముఖం చూసింది, మళ్లీ లేచింది, నా చంకల్లో చేతులు పెట్టి పైకి లాగింది. డెబ్బై ఏళ్ల మనిషి అంత సులువుగా కూర్చుని లేవడం నేను చూస్తూనే ఉన్నాను.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల?"

"తెలీదవ్వా. కింద కూర్చునేదే లేదు కదా."

అవ్వ కుర్చీ వైపు చూసింది.

"మీయమ్మకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

2008 ఏప్రిల్, మళ్లీ ఆ వరండా

బెంచీలు అవే, గోడల రంగు మారింది. నా చుట్టూ గుండ్లు చేసిన చిన్న పిల్లలు తల్లుల ఒళ్లలో నిద్రపోతున్నారు. ఒక పిల్లవాడు నన్ను వేలితో చూపించి వాళ్లమ్మను ఏదో అడిగాడు. ఆమె నన్ను చూసి, నాకూ ఇదే జబ్బు వచ్చి తగ్గిందని అమ్మ చెప్పగానే, వచ్చి నా పాదాలు ముట్టుకోబోయింది. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

లోపల లేడీ డాక్టరు ముందు నన్ను నేల మీద కూర్చుని లేవమంది. లేవలేకపోయాను. చేతి పట్టు చూసింది. ఏదో మిషన్ మీద కదలకుండా పడుకోబెట్టి ఒళ్లంతా చూశారు. తర్వాత అమ్మను కూర్చోబెట్టి, తమిళ యాసలో మెల్లగా చెప్పింది.

"బరువు సరిగ్గానే ఉందమ్మా. కానీ ఆ బరువులో కండ ఉండాల్సిన చోట కొవ్వు ఉంది. చిన్నప్పుడు ఒళ్లంతా కిరణాలు పడి, మూలుగ మార్చిన పిల్లల్లో కొందరికి ఇలా అవుతుంది. ఎత్తు ఆగుతుంది, కండ తగ్గుతుంది. బయటికి తెలియదు. ఇలాగే వదిలేస్తే ముందు ముందు గుండెకూ, షుగరుకూ ఇబ్బంది."

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని తడిమి చూసింది.

"నేను పెట్టిందంతా యాడికి పోయినాది మేడమ్?"

"మీ తప్పు కాదమ్మా. సగం ఆ జబ్బూ మందులూ చేసిన పని. మిగతా సగం, పనీ నడకా లేకుండా కూర్చోవడం. అది మార్చుకోవచ్చు. ఈ పిల్లను బరువులు ఎత్తనివ్వండి. కొంచెం నుంచి మొదలుపెట్టి, మెల్లగా. కూర్చుని లేవనివ్వండి. నెయ్యీ బెల్లం తగ్గించి గుడ్లు, ఉలవలు, పప్పు పెట్టండి. బరువు కొంచెం తగ్గినా మంచిదే."

అమ్మ చెవికి ఎక్కింది ఆఖరి మాట ఒక్కటే. ఇంటికి వచ్చాక పొయ్యి ముందు కూర్చుని నాయనతో అంది.

"పాప తగ్గాలంట. ఈసారి తక్కెట్లో ఏం చెప్పల్ల దేవునికి? నువ్విచ్చిందాన్ని నేనే తరిగినానని చెప్పల్లా?"

"తూకం కోసరం బిడ్డను మేపుతామా మే? అది గొర్రెనా?" అని నాయన కసిరాడు.

వాళ్లిద్దరూ అంత గట్టిగా మాట్లాడుకోవడం నేను అంతకుముందు వినలేదు. అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసి ముఖం తిప్పుకుంది. రెండు వారాలు వాళ్ల మధ్య మాటలు లేవు. "మీ నాయనకు చెప్పు", "మీయమ్మనడుగు" అని నా ద్వారానే నడిచింది. వాళ్లకు తగాదా పెట్టింది నా ఒళ్లే అని నాకు తెలుసు. అందుకే ఆ రోజుల్లో ప్రార్థన కూడా సరిగ్గా సాగేది కాదు. సగం బాగుచేసి వదిలేశావా అని అడగబోయి నోరు కొరుక్కునేదాన్ని. చివరికి ఒక రోజు అడిగేశాను. జవాబేమీ రాలేదు. కానీ అడిగినందుకు తేలికైంది. ఆ తర్వాత నాకు తోచింది ఇది: ఆయన చేను ఇచ్చాడు. సేద్యం మానుకున్నది మేము.

2008 జూన్ నుంచి నవంబరు

మా వైపు తొలివాన పడిందంటే ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేలల్లో తల వంచుకుని తిరుగుతారు. కడిగిన ఎర్రమట్టిలో వజ్రం మెరుస్తుందేమోనని. చెట్ల కింద వంటలు వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. దూరం నుంచి చూస్తే ఊరంతా కలిసి ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు ఉంటుంది. ఆ ఏడు వాళ్లలో నేనూ రత్నమ్మవ్వా కలిశాం.

కూర్చుని లేవడం ఇంట్లో చేస్తే అమ్మ చూడలేకపోయేది. నేను వణికితే ఆమె చేతులు వాటంతటవే ముందుకు వచ్చేవి. అందుకని అవ్వ నన్ను చేలోకి తీసుకుపోయేది. తన కర్ర నాకిచ్చేది. ఏదైనా రాయి చూపించేది.

"అదిగో, మెరుస్తాండాది చూడు. వంగల్ల, కూచోల్ల, తీసుకోని లేయల్ల."

"అది పలుగురాయి అవ్వా."

"నీకేం తెలుసు? తీసి చూడు."

కర్ర మీద రెండు చేతులూ వేసి, పళ్లు బిగించి కూర్చునేదాన్ని. లేచేటప్పుడు తొడలు మంటలు. మొదటి రోజు మూడు రాళ్లు. రాత్రికి కాళ్లు కట్టెలయ్యాయి. నెల తర్వాత పది. ఆ తర్వాత కర్ర లేకుండా రెండు. ఎవరో పొరుగూరి ఆయన మమ్మల్ని చూసి పలకరించాడు.

"ఏమవ్వా, ఏమన్నా దొరికినాదా?"

"దొరుకుతాండాయప్పా, మోకాళ్లు దొరుకుతాండాయి" అని అవ్వ జవాబు చెప్పి ముందుకు నడిచింది. ఆయన అక్కడే నిలబడి చాలాసేపు ఆలోచించాడు.

ఆ ఉదయాలు నాకు కలల్లా మిగిలాయి. తడిసిన మట్టి వాసన, గట్ల మీద తుమ్మచెట్ల పసుపు పూలు, దూరంగా వంగి వంగి నడిచే మనుషులు, మా మీదుగా కురవకుండా వెళ్లిపోయే మబ్బుల నీడలు. ఒక నీడ మా మీదికి వచ్చినప్పుడు ఇద్దరం ఆగి అది దాటేదాకా నిలబడేవాళ్లం. రాగి సంగటీ ఊరుబిండి పచ్చడీ అక్కడే గట్టు మీద తినేవాళ్లం. గుడిలోని నా కుర్చీ మా పాస్టరు అయ్యగారి ఇంటికి పంపించేశాను. చాప మీద కూర్చుంటున్నాను.

వెనక్కి పోయిన రోజులూ ఉన్నాయి, దాచను. ఆగస్టులో జ్వరం వచ్చి పదిరోజులు పడుకుంటే సంపాదించుకున్నదంతా పోయింది. మళ్లీ మూడు రాళ్ల దగ్గర మొదలు. ఈ ఒళ్లు ఎప్పటికీ మిగతావాళ్ల ఒళ్లులా ఉండదని, మానేస్తే జారిపోతుందని డాక్టరు ముందే చెప్పింది. ఇలాంటి బిడ్డలున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది కూడా అదే. రక్తం బాగుంటే అంతా అయిపోయిందనుకోకండి, ఆసుపత్రికి పోవడం మానకండి. పోతే విశ్వాసం తగ్గిపోదు. డాక్టరు చెప్పిన మేరకు బిడ్డ చేతికి బిందె ఇవ్వండి. చిన్నదే ఇవ్వండి, కానీ ఇవ్వండి. దాన్ని మోస్తుంటే చూసి ఓర్చుకోవడం మీకు కష్టం. మా అమ్మకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

పండుగ దగ్గరపడింది. నేను నాలుగు కిలోలు తగ్గాను. అమ్మ అయ్యగారి దగ్గరికి పోయి ఏడ్చింది. ఆయన నన్ను పిలిపించి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగారు.

"ఈసారి నన్ను తూచొద్దు అయ్యగారూ. నేను ఎంత ఎత్తి మోయగలనో అంత అర్పిస్తాను. వసారా నుంచి లోపలి అర్పణ బల్ల దాకా నేనే తెచ్చి, నేనే దించుతాను."

"మరి అవ్వ వాటా?" అన్నారాయన నవ్వుతూ.

రత్నమ్మవ్వ గుమ్మం దగ్గరే ఉంది. "నా వాటా పోతే పోనీ అయ్యగారూ. ఈ పిల్ల ఎనక చేలల్లో తిరిగి తిరిగి నాకు ఆకలే చచ్చిపోయినాది."

అయ్యగారు అమ్మ వైపు తిరిగారు. "మొక్కుబడి నీది తల్లీ. మార్చమని నేను చెప్పను. నువ్వే చెప్పల్ల."

అమ్మ కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

కోత పండుగ

గుడి నిండా జనం. వసారా దూలానికి ఆ ఏడు తక్కెడ కట్టలేదు, కట్టమని అమ్మ అడగలేదు. అందరి కళ్లూ ఆ ఖాళీ దూలం మీదికి పోయి వస్తున్నాయి. నేను రోజూ ఇంట్లో ఎత్తి అలవాటు చేసుకున్న వెదురు గంప గడప దగ్గర ఉంది. అందులో కాయలు నింపింది అమ్మే. నన్ను నింపనివ్వలేదు.

పాట మొదలైంది. వంగి గంప అంచులు పట్టుకున్నాను. ఎత్తాను. పట్టగానే తెలిసింది. ఇది నేను అలవాటు చేసుకున్న బరువు కాదు. చాలా ఎక్కువ. నడుము దాకా తెచ్చేలోగా చేతులు వణికాయి. మళ్లీ కింద పెట్టేశాను.

పాట తడబడి ఆగింది.

అమ్మ గడప పక్కన నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

"కొంచిమే ఎక్కువేసినా" అంది.

ఎలాగో బలవంతంగా మోయొచ్చు అనిపించింది. దేవుడు బలమిస్తాడని కళ్లు మూసుకుని ఎత్తేయొచ్చు. అందరూ అదే ఎదురుచూస్తున్నారు కూడా. కానీ నేను పడిపోతే, ఆ తర్వాత ఎవరూ నన్ను ఏదీ ఎత్తనివ్వరు. తిరిగి ఆ కుర్చీయే.

"అమ్మా, తీయల్లమ్మా. ఇది నేను మోయలేను."

"దేవుని గంపలో నుంచి తీయమంటావా?"

"నువ్వే తీయి. నేను తీస్తే నీకు బాధ."

ఆమె కదల్లేదు. అన్న ముందుకు రాబోతే నాయన అతని భుజం పట్టుకుని ఆపాడు. ఎవరో చిన్నపిల్ల ఏడ్చి ఊరుకుంది. అమ్మ మెల్లగా గంప ముందు గొంతుక్కూర్చుంది. దోసిట్లో కాయలు తీసుకుని ఒళ్లో పోసుకుంది. నా ముఖం చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకో దోసిలి. మళ్లీ చూసింది. ఇంకోటి. నాలుగో దోసిలికి ఆమె కళ్లనీళ్లు కాయల మీద పడ్డాయి. "చాలమ్మా" అన్నాను.

ఎత్తాను. ఇప్పుడది నాకు తెలిసిన బరువు. నడిచాను. గుడి ఎప్పుడూ అంత పొడుగ్గా కనపడలేదు. రెండు వైపులా చాపల మీంచి చేతులు నా వైపు లేచి, మళ్లీ ఒళ్లోకి పోతున్నాయి. బల్ల ముందు ఆగి, ఒక మోకాలు వంచాను, రెండోది వంచాను, గంప నేలకు తగిలింది. కళ్లు మూసుకున్నాను. చెప్పాలనుకున్న ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఇదిగో, అని మాత్రం అన్నాను.

తర్వాత లేవాలి.

కుడి పాదం ముందుకు పెట్టాను. చేతులు ఆ మోకాలి మీద వేశాను. ఊపిరి పీల్చాను. లోపల ఎక్కడో సన్నగా మంట మొదలై తొడంతా పాకింది. సగంలో ఆగిపోయాను. కిందికీ కాదు, పైకీ కాదు. ఎంతసేపో.

"బిన్నా లేయే పాపా" అని వెనక నుంచి రత్నమ్మవ్వ గొంతు వినపడింది, "ఆడ అన్నం చల్లారతాండాది."

గుడంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే మిగతా సగం లేచాను.

వెనక్కి తిరిగాను. అమ్మ ఇంకా గడప దగ్గరే ఉంది, ఒడి నిండా కాయలు పట్టుకుని, వాటిని ఏం చేయాలో తెలియనట్టు. నేను చాపల మధ్యగా ఆమె వైపు నడిచాను. ఆమె ఒక కాయ తీసి, చిట్లించి, గింజలు రెండూ తన నోట్లో వేసుకుని, నన్ను చూస్తూ నమిలింది. ఈసారి నాకు పెట్టలేదు.